నిప్పుకొండల దర్శనం: జమా ఖర్చులు

మన వైపు కుటుంబాలలో యాత్ర అంటే ఒకప్పుడు లెక్క సులభంగా ఉండేది. మొక్కు ఉంటే తిరుపతి, పిల్లలకు సెలవులైతే నంది కొండ, దగ్గరలో పోయి రావాలంటే కైవారం, వయసు మీరితే కాశీ. ఇప్పుడు పిల్లలు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను, ఐరోపాలోను స్థిరపడ్డారు. తల్లిదండ్రులను పిలిపించుకొని, "ఈ తడవ హవాయికి పోదాం నాన్నా, కరిగిన రాయి ఏరులా పారేది చూపిస్తాం" అంటున్నారు. శిడ్లఘట్టలో మాకు తెలిసిన రెండు మూడు ఇళ్ళలో ఈ మాట వచ్చింది. ఒక ఇంట తండ్రిగారికి ఉబ్బసం. మరొక ఇంట పదేళ్ళ మనుమడు వెంట వెళ్ళవలసినవాడు. పోవచ్చునా, కూడదా అని మమ్మల్ని అడిగారు.

మేము భూగర్భశాస్త్రం చదివినవారము కాము. మెట్రిక్యులేషను ముగించి ఆఫీసులో పద్దులు వ్రాసుకొని బ్రతికేవారము. మండుతున్న నిప్పుకొండను కళ్ళారా చూచినవారము కూడా కాము. అయితే ఏ విషయం వచ్చినా ఒక వైపు జమ, ఒక వైపు ఖర్చు వ్రాసి చూచుకొనే అలవాటు మాకున్నది. ఆ అలవాటు ప్రకారమే ఈ నాలుగు మాటలు మన సంఘం కుటుంబాల కోసం వ్రాస్తున్నాము.

ముందు జమ వైపు చూద్దాము. అది తక్కువేమీ కాదు.

హవాయి దీవులలో కిలావియా అనే నిప్పుకొండ ఉన్నది. దాని ఒక పక్క 1983లో మొదలైన ప్రవాహం కొద్దిపాటి విరామాలతో 2018 దాకా, అంటే 35 ఏండ్లు సాగింది. మళ్ళీ 2024 డిసెంబరు 23న కొండ శిఖరపు గుంటలో కొత్త విడత మొదలైంది. కొన్నాళ్ళు ఊరకుండడం, ఆ తరువాత కొన్ని గంటలపాటు నిప్పు ఎగజిమ్మడం దాని పద్ధతి. ఆ విడతలలో కొన్నిసార్లు లావా 300 మీటర్లకు పైగా లేచింది. మన నంది కొండ కింది నేల నుండి ఎంత ఎత్తు లేస్తుందో అందులో దాదాపు సగం. అంత ఎత్తు నిప్పుధార రాత్రివేళ లేస్తుంటే చూచినవారు జన్మలో మరువరు. అక్కడి పూర్వవాసులు ఆ కొండలో పెలె అనే దేవత ఉన్నదని నమ్ముతారు. కొండ రాయి ఇంటికి తెచ్చుకోవడం అపచారమంటారు. కొండ మీది రాయిని మొక్కే మనకు ఆ మాట కొత్తగా తోచదు.

ఐస్లాండు దేశంలో 2021 మార్చి 19న ఫాగ్రదాల్స్ఫ్యాల్ అనే చోట నేల చీలి లావా వచ్చింది. రాజధానికి దగ్గర కావడం చేత లక్షల మంది నడిచి పోయి చూచారు. భూమి పుట్టిన తీరు పుస్తకంలో చదవడం వేరు, కళ్ళ ముందు ఎర్రని రాయి నల్లబడి గట్టి నేల కావడం చూడడం వేరు. చదువుకొనే పిల్లవానికి అది పది పాఠాల పెట్టు. ఈ సంగతి ఒప్పుకోకుండా "ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లో కూర్చోండి" అనడం పెద్దరికం కాదు.

ఇక ఖర్చు వైపు. ఇక్కడ ఖర్చంటే టిక్కెట్టు, హోటలు కాదు. దానిని తెలుసుకోవడానికి మేము సముద్రాలు దాటలేదు. కోలారు జిల్లాలోని పెద్దపల్లికి పోయాము.

చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యేదాకా, అంటే 2007 దాకా, మా శిడ్లఘట్ట కోలారు జిల్లాలోనిదే. అయినా పెద్దపల్లి రాళ్ళ సంగతి మాలో చాలామంది ఎరుగరు. చిక్కబళ్ళాపురం–కోలారు చిన్న రైలుదారిని వెడల్పు చేసి 2013లో తిరిగి తెరిచారు. శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం మీదుగా కోలారుకు, అక్కడ నుండి బంగారపేటకు రైలు పోతుంది. బండ్లు తక్కువ గనుక బస్సులో చింతామణి, కోలారు మీదుగా పోయినా నష్టం లేదు. కోలారు బంగారు గనుల పక్కనే ఈ చోటు. భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు దీనిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు.

అక్కడ పొగ లేదు, వేడి లేదు, ఎర్రదనం లేదు. ఎండ, రాయి, రాళ్ళ సందులలో ముళ్ళ కంప, అంతే. అయితే రాతి దగ్గర వంగి చూడాలి. ఒక రాతిలో మరెన్నో రాళ్ళు పొదిగి ఉంటాయి. నిమ్మకాయంతవి కొన్ని, అంతకంటే చాలా పెద్దవి కొన్ని, అంచులు అరగకుండా విరిగిన రూపంలోనే. ఏటిలో దొర్లిన రాయి అయితే నునుపుగా ఉండాలి. ఇవి దొర్లినవి కావు, ఎగిరి పడినవి. నిప్పుకొండ బ్రద్దలైనప్పుడు ఆకాశానికి ఎగసిన రాతి ముక్కలు, బూడిద కలిసి కిందపడి గట్టిపడగా ఏర్పడిన రాయి అది. ఆ కోలారు పట్టీలోని అగ్నిశిలల వయసు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. ఆ రాళ్ళ పగుళ్ళలో వేడి నీటితో పాటు వచ్చి చేరినదే కోలారు బంగారం. దాని కోసం మన ముందు తరాలవారు భూమిలోనికి 3 కిలోమీటర్లకు పైగా దిగారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. నిప్పుకొండ విసిరిన రాయి మాత్రం పైనే, అందరికీ అందేటట్లు, ఉచితంగా పడి ఉన్నది.

ఆ రాతి మీద చెయ్యి పెట్టి చూచినప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. నిప్పుకొండ యాత్ర ప్రకటనలలో ఎప్పుడూ ఎర్రని ఏరు బొమ్మ వేస్తారు. జనాన్ని చంపేది మాత్రం తరచుగా ఆ ఏరు కాదు. ఏరు కనబడుతుంది, చాలాచోట్ల మనిషి నడకకంటే మెల్లగా వస్తుంది, తొలగిపోవచ్చు. ఎగిరి వచ్చే రాయి, ఉన్నట్టుండి లేచే ఆవిరి, కంటికి కనబడని విషవాయువు, ఇవి చెప్పి రావు.

జపానులోని ఒంతాకె కొండ సంగతి చూడండి. 2014 సెప్టెంబరు 27, శనివారం. ఆకులు రంగులు మారే కాలం. శిఖరం మీద జనం మధ్యాహ్న భోజనానికి కూర్చునే వేళ. 11 గంటల 52 నిమిషాలకు కొండ బ్రద్దలైంది. మరణించినవారు, జాడ తెలియనివారు కలిసి 63 మంది. వారిలో ఎక్కువమందిని చంపింది లావా కాదు, ఎగిరి పడిన రాళ్ళు. అచ్చంగా పెద్దపల్లిలో మనం వ్రేలితో తడిమి చూచే రాళ్ళ వంటివే.

ఇందులో ఆఫీసు మనుషులు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ రోజున ఆ కొండకు ప్రభుత్వంవారు ఇచ్చిన హెచ్చరిక అంకె 1, అంటే అయిదు మెట్లలో అన్నిటికంటే చిన్నది. ఆ మెట్టుకు అప్పట్లో "సాధారణం" అని పేరు. ఆ మాట జనాన్ని ఏమరుపాటులో పడవేస్తున్నదని 2015లో దానిని తీసివేశారు. "ఇది జీవమున్న నిప్పుకొండ అని గుర్తుంచుకొనండి" అనే అర్థం వచ్చే మాట పెట్టారు. ఫైలు మీద ఒక్క మాట ఎంత పని చేస్తుందో మనకు తెలుసు. ఆ ఒక్క మాట మారడానికి ముందు 63 మంది పోయారు.

ఇక ఆవిరి సంగతి. దీనిని గూర్చి మా శిడ్లఘట్టవారికి ఒకరు చెప్పనక్కరలేదు. పట్టుగూళ్ళ మార్కెట్టు ఉన్న ఊరు మాది. వీధి వీధినా గూళ్ళు ఉడికించి దారం తీసే బేసిన్లు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. దారం తీసే వాళ్ళ వ్రేళ్ళు వేడి నీళ్ళకు ఎంతో కొంత అలవాటు పడతాయి. ఆవిరికి మాత్రం ఎవరూ అలవాటు పడరు. నీరు ఆవిరి అయ్యేటప్పుడు 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. నిప్పుకొండ అడుగున రాళ్ళ సందులలో ఇంకిన నీరు కింది వేడికి ఒక్కసారిగా ఆవిరి అయితే పై రాతిని పేల్చుకొని బయటికి రావడం తప్ప దానికి మరో దారి ఉండదు. కొత్త లావా పైకి రానక్కర లేదు. కొండ మూలగనక్కర లేదు. అందుచేతనే ఇటువంటి పేలుళ్ళను ముందుగా కనిపెట్టడం శాస్త్రజ్ఞులకు కూడా కష్టం.

న్యూజీలాండులోని వకారి ద్వీపంలో 2019 డిసెంబరు 9న జరిగినది ఇదే. మధ్యాహ్నం 2 గంటల 11 నిమిషాలకు, ద్వీపం మీద 47 మంది ఉండగా కొండ పేలింది. వారిలో 38 మంది ఒక పెద్ద విహార నౌకలో వచ్చి, ఒక పూట చూచిపోదామని టిక్కెట్టు కొన్నవారు. మొత్తం 22 మంది మరణించారు. బ్రతికిన 25 మందిలో చాలామంది ఒళ్ళు కాలి నెలల తరబడి ఆసుపత్రులలో ఉన్నారు. మూడు వారాల ముందే, నవంబరు 18న, ఆ కొండ హెచ్చరికను 1 నుండి 2కు పెంచారు. యాత్రలు మాత్రం ఆగలేదు.

దాని మీద వ్యాజ్యాలు నడిచాయి. యాత్రలు నడిపిన కొన్ని కంపెనీలు నేరం ఒప్పుకున్నాయి. ద్వీపం సొంతదారులైన కంపెనీని 2023లో ఒక న్యాయస్థానం దోషి అన్నది. 2025లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఎవరి పూచీ ఎంతవరకు అన్నది చట్టం తెలిసినవారే ఇన్నేళ్ళు తేల్చుకోవలసి వచ్చింది. ఒక పూట యాత్రకు పోయినవాడు ఏమి అనుకుంటాడు? "కంపెనీవారు తీసుకుపోతున్నారంటే ప్రమాదం లేదన్నమాట" అనుకుంటాడు. కంపెనీవారు "ప్రభుత్వం మూసివేయలేదు గదా" అనుకుంటారు. శాస్త్రజ్ఞులు "మేము అంకె చెప్పాము, పోవడం మానడం వారి ఇష్టం" అనుకుంటారు. ఒక ఫైలు మీద నలుగురు సంతకం పెట్టినా ఒక్కరూ చదవకపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది ఈ వ్యవహారం. మా లెక్కలో నిప్పుకొండ యాత్రలోని అసలు ప్రమాదం ఇదే. చేతిలో టిక్కెట్టు ఉన్నందువలన మన బదులు మరెవరో తూచి చూచారని మనం నమ్మేస్తాము.

తెలిసినవారు వెంట ఉంటే చాలునంటారా? జపానులోనే ఉన్జెన్ కొండ వద్ద 1991 జూన్ 3న 43 మంది మరణించారు. వారిలో జీవితమంతా నిప్పుకొండలనే చిత్రించిన ఫ్రెంచి దంపతులు కాటియా, మోరిస్ క్రాఫ్ట్ ఉన్నారు. పత్రికలవారు, అగ్నిమాపక దళంవారు కూడా ఉన్నారు. సుమత్రాలో మరాపి కొండ మీద 2023 డిసెంబరు 3న 24 మంది పోయారు. అక్కడ శిఖరం నుండి 3 కిలోమీటర్ల లోపలికి పోవద్దని శాస్త్రజ్ఞులు ముందే చెప్పి ఉన్నారు. హవాయిలో 2018 జూలై 16న, లావా సముద్రంలో పడేది చూపించే పడవ మీద పేలి వచ్చిన రాయి పడి కప్పు చిల్లిపడింది, 23 మంది గాయపడ్డారు. అక్కడే 2016 చివరి దినాన, లావా పేరుకొని సముద్రం ఒడ్డున ఏర్పడిన కొత్త నేల ఇరవై ఎకరాలకు పైబడి విరిగి నీట కలిసింది. పైకి చూస్తే అది గట్టి నేలే. అడుగున పునాది లేదు.

కొండ దగ్గర నివసించేవారి సంగతి కూడా పద్దులో వ్రాయాలి. ఐస్లాండులో వేలమంది ఉల్లాసంగా లావా చూచిన ఆ ప్రాంతంలోనే గ్రిండవిక్ అనే బెస్తవారి ఊరు ఉన్నది. 2023 నవంబరు 10న సుమారు 4,000 జనాభా గల ఆ ఊరిని ఒక్క రాత్రిలో ఖాళీ చేయించారు. 2024 జనవరిలో లావా ఊరి అంచుకు వచ్చి మూడు ఇళ్ళను దహించింది. ఒకరి ఇల్లు కాలుతుంటే అరుగు మీద నిలిచి ఫోటో తీసుకోవడం మన పెద్దలు నేర్పిన మర్యాద కాదు. పోయేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలును.

అంతదూరం ఎందుకు, మన నంది కొండనే చూడండి. అది నిప్పుకొండ కాదు. భూమి లోపల కరిగిన రాయి లోపలనే మెల్లగా చల్లారి, పై మట్టి కోట్ల ఏండ్లలో కొట్టుకుపోగా బయటపడిన గట్టి రాయి. దాని వలన ఏ పేలుడూ రాదు. అయినా 2022 ఫిబ్రవరి 20న బ్రహ్మగిరి వైపు ఎక్కబోయిన ఒక కుర్రవాడు సుమారు 300 అడుగులు జారి మధ్య బండ మీద చిక్కుపడ్డాడు. వాయుసేన హెలికాప్టరు వచ్చి, ఒక సైనికుడు తాడు పట్టుకొని దిగి, అతనిని పైకి చేర్చవలసి వచ్చింది. దేవుని దయవలన బ్రతికాడు. అయితే ఆ తాడు మీద దిగిన సైనికునికి కూడా ఇల్లు ఉంటుంది, తల్లి ఉంటుంది. వకారిలో కూడా నాలుగు దినాల తరువాత, కొండ మళ్ళీ పేలవచ్చునని తెలిసి, సైనికులు పోయి ఆరు శవాలను తెచ్చారు. ఇద్దరి శవాలు దొరకనేలేదు. సాహసయాత్రలో మనం మన ప్రాణం ఒక్కటే పణం పెడుతున్నామనుకుంటాము. వెదకవచ్చేవారి ప్రాణం కూడా ఆ పద్దులో చేరుతుంది.

ఇన్ని చెప్పిన తరువాత, పోవద్దంటారా అని అడిగితే, పోవద్దనము. మేము తేల్చుకొన్న లెక్క ఇది. నిప్పును చూడడానికి పొండి, నిప్పుకొండ నోటికి పోవద్దు. ఈ రెంటికీ మధ్య దూరమే మొత్తం తేడా.

హవాయిలో 1912 నుండి నిప్పుకొండను కనిపెట్టి చూచే పరిశోధనాలయం ఉన్నది. 1916 నుండి ఆ చోటు జాతీయ వనం. వారు కట్టిన గట్ల వెనుక, వారు చెప్పిన చోట నిలిచి చూస్తే జమలోని అందమంతా దక్కుతుంది, ఖర్చులో చాలా భాగం తగ్గుతుంది. యాత్ర అమ్మేవారి మాట కంటే ముందు ఆ పరిశోధనాలయంవారు ఆ పూట ఏమన్నారో చదవండి. వారి అంకె ఈ క్షణపు స్థితిని చెబుతుంది, వచ్చే గంటకు హామీ ఇవ్వదు. శిఖరపు గుంట అంచుకు నడిపించే యాత్రలు, లావా సముద్రంలో పడేచోటికి దగ్గరగా పోయే పడవలు మన పెద్దలకు, పిల్లలకు వద్దు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు గంధకపు వాయువు వీచే దిక్కున నిలువరాదు. వైద్యుని అడిగి, గాలి ఎటు వీస్తున్నదో చూచుకొని మరీ పోవాలి. పల్లపు చోట్ల కూర్చోవద్దు. బరువైన వాయువులు అక్కడ చేరి నిలుస్తాయి. బీమా పత్రంలో చిన్న అక్షరాల పేజీ చదవండి. సాహసయాత్రలకు డబ్బు ఇవ్వమని అందులో వ్రాసి ఉండవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం మరొకటి. గుంపులో ఎవరో ఒకరు, ఇంటి పెద్దగానీ చిన్న పిల్ల గానీ, "నాకు భయంగా ఉంది, వెనక్కి పోదాం" అంటే, ఆ మాటను నవ్వులాటగా తీసుకోవద్దు. "ఇంత డబ్బు పోసి వచ్చాము గదా" అనే మాట ఆ వేళ నోట రానివ్వకండి. డబ్బు ముందే ఖర్చు వ్రాసిన పద్దు. దాని కోసం కొత్త ఖర్చు వ్రాయనక్కరలేదు.

అమెరికా ప్రయాణం అందరికీ కుదరదు. మన దేశంలోనే అండమాను దీవులలో బారెన్ ద్వీపం ఉన్నది. పోర్టు బ్లెయిరుకు, అంటే 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిన ఊరికి, సుమారు 135 కిలోమీటర్ల దూరం. భారతదేశంలో జీవమున్న నిప్పుకొండ అదొక్కటే. నూరేండ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది, ఆ తరువాత ఎన్నోసార్లు పొగ, నిప్పు కక్కింది. ఆ దీవిలో మనుషులు లేరు. యాత్రికులు ఒడ్డున దిగరాదు, ఓడ మీద నుండే చూడాలి. ఇది మా లెక్కకు సరిపడే పద్ధతి.

లావానే తాకి చూడాలని పిల్లలు పట్టుపడితే రాజమహేంద్రవరం వైపు తీసుకుపొండి. కాటేరు, పంగిడి ప్రాంతాలలో సుమారు ఆరున్నర కోట్ల ఏండ్ల కిందటి నల్లని లావారాయి ఉన్నది. దక్కను పీఠభూమి మీద పరచుకొన్న లావాయే అంతదూరం పారి వచ్చిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. చిత్రదుర్గం దగ్గర మరడిహళ్ళిలో నీటి అడుగున చల్లారి తలగడల ఆకారం తీసుకొన్న లావా ఉన్నది. మా వైపు వారికైతే పెద్దపల్లి. పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. నీళ్ళ సీసా, టోపీ, చద్దిమూట తీసుకుపోతే చాలు. రాతిని కొట్టి ముక్క తేవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

ఉబ్బసమున్న తండ్రిగారి ఇంటివారికి మేము చెప్పినది ఇంతే. కొడుకు రమ్మన్నప్పుడు పొండి, దూరపు గట్టు మీద కుర్చీ వేసుకొని చూచి రండి. బయలుదేరే ముందు ఒక ఆదివారం మనుమణ్ణి పెద్దపల్లికి తీసుకుపోయి, ఎగిరి పడిన రాయి ఎంత ఉంటుందో చేత్తో పట్టి చూపించండి. దూరపు కొండలు నునుపు అని మనవారు హాస్యానికి అంటారు. నిప్పుకొండల విషయంలో అవి దూరంగా ఉండి నునుపుగా కనబడడమే మనకు మేలు.